ఉల్లిపొర నుండి ఎముక దాకా



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, అనుభవాలు రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. కవితలు రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను చదివింది జంతుశాస్త్రం. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాడిని నేనే. కాబట్టి నాకు తెలిసిన చదువునే మీకు నాలుగు మాటల్లో చెబుతాను. బైపీసీ తీసుకోవాలా వద్దా అని భయపడుతున్న పదో తరగతి తమ్ముళ్లకు ఇది కొంత ధైర్యం ఇస్తే చాలు. ఎంపీసీ వాళ్లు కూడా చదవాలి. ఎందుకంటే చివరికి ఇది మన ఊళ్ల నీళ్ల కథ.

నేను గీసిన మొదటి కణం

నేను చదివిన ఒక బడిలో మైక్రోస్కోపు ఉండేది గానీ బీరువాలోనే ఉండేది. పగిలితే ఎవరు కడతారన్న భయం వాళ్లది. దాన్ని ముట్టుకున్నది ఇంటర్ మొదటి సంవత్సరంలోనే. ఉల్లిపొర స్లైడు పెట్టి, కన్ను ఆనించి, నల్లటి అంచుతో చక్కగా గుండ్రంగా ఉన్నదాన్ని చూసి, "ఇదే కణం" అని రికార్డులో ముచ్చటగా గీశాను. మా లెక్చరర్ గారు చూసి నవ్వి, "నువ్వు గీసింది గాలిబుడగ నాయనా" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఇప్పటికీ కొత్తగా చూసేవాళ్లు ఎక్కువమంది చేసే తప్పు ఇదే. నల్లటి మందమైన అంచు, లోపలంతా ఖాళీ ఉంటే అది గాలిబుడగ. ఉల్లిపొర కణాలు ఇటుకలు పేర్చిన గోడలాగా పొడుగ్గా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కవర్ స్లిప్పును ఒకేసారి పడేయకుండా, సూదితో ఒక అంచు పట్టుకుని ఏటవాలుగా మెల్లగా దించితే బుడగలు రావు.

మైక్రోస్కోపు వాడే పద్ధతి

మైక్రోస్కోపును ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకోవాలి. ఒక చెయ్యి మెడ మీద, ఇంకొక చెయ్యి అడుగున. కటకాలను చొక్కా అంచుతో తుడవకూడదు, గీతలు పడతాయి. అద్దాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పాలి గానీ నేరుగా సూర్యుడి వైపు తిప్పకూడదు, కంటికి ప్రమాదం.

మొదట తక్కువ శక్తి గల వస్తుకటకంతో చూడాలి. పక్క నుండి చూస్తూ కటకాన్ని స్లైడు దగ్గరకు దించి, తర్వాత కన్ను ఆనించి పెద్ద మరతో పైకి జరుపుతూ బొమ్మ కనిపించేదాకా రావాలి. కన్ను ఆనించి కిందికి దించామంటే స్లైడు పగులుతుంది, కటకం గీసుకుపోతుంది. బొమ్మ దొరికాక చిన్న మర తిప్పి స్పష్టం చేసుకోవాలి. ఆ తర్వాతే ఎక్కువ శక్తి కటకానికి మారాలి. అప్పుడు పెద్ద మర జోలికి పోకూడదు.

ఎన్ని రెట్లు పెద్దదిగా చూస్తున్నామో లెక్క తేలికే. కంటి దగ్గర కటకం 10 రెట్లు, కింది కటకం 45 రెట్లు అయితే 10ని 45తో గుణించాలి, 450 రెట్లు. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. మైక్రోస్కోపు చెడిపోయిందని కంగారు పడకండి. బొమ్మ తలకిందులుగా కనబడటమే దానికి కారణం.

కణం ఒక చిన్న హాస్టల్

1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త బెరడు ముక్కను పలుచగా కోసి చూస్తే చిన్న చిన్న గదులు కనిపించాయి. గది అనే అర్థం వచ్చే సెల్ అన్న పేరు అలా వచ్చింది. ఆయన చూసినవి చచ్చిపోయిన కణాల గోడలు మాత్రమే. ప్రాణమున్న సూక్ష్మజీవులను తర్వాత కొన్నేళ్లకు లీవెన్ హుక్ అనే హాలెండు బట్టల వ్యాపారి, తాను సొంతంగా అరగదీసుకున్న కటకంతో చూశాడు. ఆయన కాలేజీలో చదివినవాడు కాదు. ఈ సంగతి మనలాంటి వాళ్లం గుర్తుపెట్టుకోవాలి. 1838, 1839 సంవత్సరాల్లో ష్లైడన్ మొక్కల గురించీ, ష్వాన్ జంతువుల గురించీ, అన్నీ కణాలతోనే నిర్మితమయ్యాయని చెప్పారు. పాత కణం నుండే కొత్త కణం పుడుతుందన్న మాటను 1850లలో విర్కో స్థిరపరిచాడు.

గది అన్న పేరు ఉంది కాబట్టి మన హాస్టల్‌తోనే పోల్చి చెబుతాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఆపాలో చూసుకుంటాడు. కణానికి ప్లాస్మాపొర అలాంటిది. ఆఫీసు గదిలో రిజిస్టర్లు ఉన్నట్టు కేంద్రకంలో డీఎన్ఏ ఉంటుంది. మన వంటగది లాంటిది మైటోకాండ్రియా. మనం తిన్న అన్నం చివరికి అక్కడే ఏటీపీ అనే శక్తిగా మారుతుంది. మన ట్రంకుపెట్టె లాంటిది రిక్తిక, మొక్కల కణాల్లో ఇది చాలా పెద్దది. మొక్కల కణానికి ప్లాస్మాపొర బయట కణకవచం అనే ప్రహరీగోడ కూడా ఉంటుంది. జంతు కణానికి అది లేదు. ఒక తేడా మాత్రం ఉంది. హాస్టల్‌లో వార్డెన్ గారు ఒక రోజు రాకపోయినా మనం బతుకుతాం. చాలా కణాలు కేంద్రకం లేకుండా ఎక్కువ కాలం బతకలేవు.

ఏటీపీ పేరు వచ్చినప్పుడు మన తెలుగువాడిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో కండరాల్లో ఏటీపీని వేరుచేసి చూపినవారిలో ఒకరు. ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్లు ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు.

ఇటుకల నుండి ఇల్లు

మన ఒంట్లో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయని అంచనా. ఒకే పని చేసే కణాలు గుంపుగా చేరితే కణజాలం. ఒంటికి, లోపలి అవయవాలకు పైపొరగా ఉండేది ఉపకళా కణజాలం. కదలికకు కండర కణజాలం. కబురు మోయడానికి నాడీ కణజాలం. అన్నిటినీ కలిపి నిలబెట్టేది సంయోజక కణజాలం. ఎముక, మృదులాస్థి, రక్తం ఈ చివరి జాతివే. రక్తం ద్రవం కదా, ఎముకకు చుట్టమెలా అయిందని నాకూ ఆశ్చర్యమేసింది. అయితే రక్తకణాలు పుట్టేది ఎముకల లోపలి మజ్జలోనే.

ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో, అంటే గుండుసూది తలంత చుక్కలో, సుమారు 50 లక్షల ఎర్రరక్తకణాలుంటాయి. ఒక్కో కణం మిల్లీమీటరులో 130వ వంతు కంటే కొంచెం అటూ ఇటూ ఉంటుంది. 450 రెట్లలో చూస్తే జొన్నగింజంత కనబడుతుంది. పెరిగిన ఎర్రకణంలో కేంద్రకం ఉండదు. ఆ జాగా అంతా ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కే ఇచ్చేసింది. అందుకే దాని ఆయుష్షు 120 రోజులే. పోయినవాటి స్థానంలో మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవాటిని తయారుచేయాలి. దానికి ఇనుము కావాలి, ఫోలిక్ ఆమ్లం కావాలి.

వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్ర అదే. మన రోజుల్లో కొంతమంది దాన్ని నాలుక కింద పెట్టుకుని, మేడమ్ అటు తిరగ్గానే కిటికీలోంచి విసిరేవాళ్లం. నేనూ విసిరాను. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు పైన చెప్పిన సుబ్బారావు గారే అని ఎం.ఎస్సీ.లో తెలిసింది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అన్నం తిన్నాక వేసుకోండి, కడుపులో తిప్పదు.

సికింద్రాబాదులో ఒక మధ్యాహ్నం

మైక్రోస్కోపు చరిత్రలో ఒక గొప్ప రోజు మన తెలుగు నేల మీదే జరిగింది. 1897 ఆగస్టు 20. సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా రోగిని కుట్టిన దోమలను కోసి చూస్తున్నాడు. ఉక్కపోత. ఫంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని వేయించుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, ఉన్న ఒక్క కంటి కటకం పగులుబట్టింది. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమ కుట్టినందుకు అణా చొప్పున ఇచ్చాడు. అంతకుముందు ఎన్నో దోమలు కోసినా ఏమీ దొరకలేదు. ఆ రోజు ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడలో, ఉండకూడని గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని అలా తేలింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది.

మంచి పరికరం లేదని మనం బాధపడతాం. రాస్ దగ్గర ఉన్నది పగిలిన కటకమే. ఉండాల్సిందేమిటో ముందు బాగా తెలిసినవాడికే, ఉండకూడనిది కనబడినప్పుడు పట్టుకోవడం సాధ్యం.

చెంప కణాలు, నా పళ్లు

ఉల్లిపొర తర్వాత ప్రాక్టికల్‌లో చెంప కణాలు చూడాలి. శుభ్రమైన పుల్లతో చెంప లోపలి వైపు మెల్లగా గీకి, స్లైడు మీద రాసి, మిథిలిన్ బ్లూ చుక్క వేయాలి. పలుచటి, అంచులు వంకరగా ఉన్న కణాలు, మధ్యలో నీలిరంగు చుక్కలాగా కేంద్రకం కనబడతాయి. చాలా సులువు. అందరూ నోరు తెరిచి గీక్కుంటున్నారు. నేను మాత్రం పక్కకు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని గీక్కున్నాను.

కారణం మీకు చెప్పనక్కర్లేదు. నా ముందు పళ్లమీద గోధుమ రంగు చారలున్నాయి. మీలో చాలామందికి కూడా ఉన్నాయి. ఫోటోలో నోరు మూసుకుని నవ్వేవాళ్లం మనం. దర్శి దాటి బయటికి చదువుకు పోయాక, "పళ్లు తోముకోవా?" అని ఒకతను నన్ను అడిగాడు. బొగ్గుతో, ఇటుక పొడితో తోమి చిగుళ్లు పోగొట్టుకున్నాను గానీ చార పోలేదు.

పోదు. ఎందుకో ఎం.ఎస్సీ.లో తెలిసింది. పంటి మీద ఉండే పింగాణీ పొర మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది. దాన్ని పేర్చేది అమీలోబ్లాస్టులు అనే కణాలు. పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే అవి మొదట మాంసకృత్తుల అచ్చు వేసి, తర్వాత ఆ అచ్చును మెల్లగా తీసేస్తూ ఆ జాగాలో కాల్షియం, ఫాస్ఫేటు స్ఫటికాలు నింపుతాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడు మోతాదు మించితే అచ్చు తీసే పని కుంటుపడుతుంది. పింగాణీలో సన్నని ఖాళీలు మిగులుతాయి. మొదట సుద్దముక్కలాంటి తెల్లమచ్చలు వస్తాయి. ఆ ఖాళీల్లోకి తర్వాత బయటి రంగులు దిగి గోధుమ రంగు అవుతుంది. పన్ను బయటికి వచ్చేసరికి పేర్చిన కణాలన్నీ చనిపోతాయి. మేస్త్రీ వెళ్లిపోయిన ఇల్లు లాంటిది పన్ను. ఇక మరమ్మతు చేసేవాళ్లు లోపల ఎవరూ లేరు.

కాబట్టి ఇది మురికి కాదు. తోముకోని పాపం కాదు. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల పింగాణీ పుట్టినప్పటి నుండి సుమారు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. ముందు పళ్లకు మొదటి మూడు నాలుగేళ్లే ముఖ్యం. ఆ వయసులో మనం ఏ బోరు నీళ్లు తాగామో అది మన పళ్ల మీద రాసి ఉంది. అంతే. ఎనిమిదేళ్లు దాటాక తాగే నీళ్ల వల్ల ఆ పళ్లకు కొత్తగా ఈ మచ్చ రాదు.

నాయనమ్మ నడుము

పళ్లతో ఆగితే బాగుండేది. ఎముక పన్నులాంటిది కాదు, అది ప్రాణమున్న కణజాలం. ఎండిన ఎముక పలుచటి ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మొద్దు నరికినప్పుడు కనిపించే వలయాల్లాంటివి కనబడతాయి. నడుమ రక్తనాళాలు పోయే కాలువ, చుట్టూ వలయాలు, వాటి మధ్య ఎముక కణాలు నివసించిన చిన్న గుంటలు. కొన్ని కణాలు ఎముకను కడుతుంటాయి, కొన్ని కరిగిస్తుంటాయి. పెద్దవాళ్లలో ఏటా సుమారు పదోవంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. ఈ కట్టుబడిలో ఫ్లోరైడు దూరి స్ఫటికాల్లో చేరుతుంది. ఏళ్ల తరబడి చేరితే ఎముక మందమవుతుంది గానీ పెళుసుబారుతుంది. ఎముకలను కలిపే సాగే నరాల్లాంటి స్నాయువులు కూడా సున్నం పట్టి బిగుసుకుపోతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని నడుము వంగిపోతుంది. లోపలి నాడులు నలిగితే కాళ్లు పట్టు తప్పుతాయి.

మా నాయనమ్మ నేను పుట్టకముందే నడుము వంగిపోయి ఉంది. ఆకాశం చూడాలంటే మంచం మీద పడుకోవాల్సిందే. "పోయిన జన్మలో ఏం చేశానో అబ్బయ్యా" అనేది. 

దీన్ని గుర్తించి రాసిన చరిత్ర మన ప్రాంతానిదే. మద్రాసు గిండీలోని కింగ్ ఇనిస్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ప్రచురించారు. మనదేశంలో ఈ వ్యాధి గురించిన తొలి నివేదికగా దాన్నే చెబుతారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఇదే షార్ట్ 1948లో గార్నమ్‌తో కలిసి, మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని మైక్రోస్కోపుతోనే కనిపెట్టాడు. రాస్ మొదలుపెట్టిన కథలో మిగిలిన ఖాళీని పూరించింది, మన ఊళ్ల ఎముకల గురించి రాసిన మనిషే.

ఫ్లోరైడు ఎక్కడి నుండి వస్తుంది? మన నేల కింద ఉన్న గ్రానైటు జాతి రాళ్లలోని ఖనిజాల నుండి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలిచి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. మనదేశపు ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతిస్తారు. అంటే పది లక్షల పాళ్లలో ఒకటిన్నర పాలు. రంగు లేదు, వాసన లేదు. తేటగా ఉన్నాయి కదా అని తాగేస్తాం.

మనం చేయగలిగింది

1. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై, మిగిలిన దానిలో ఇంకా ఎక్కువవుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు.

2. సాగర్ కాలువ నీరు, వాననీరు బోరు నీటికన్నా మేలు. అయితే వాటిలో క్రిములుంటాయి కాబట్టి శుద్ధి చేసి తాగాలి. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును చాలావరకు తీస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి కూడా ఉంది, కానీ కొలత తెలిసినవాళ్లే చేయాలి.

3. మీ ఊరి బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. అంకె తెలుసుకోండి. అంకె చేతిలో ఉంటే గ్రామసభలో మాట్లాడటానికి నోరు వస్తుంది.

4. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి తినాలి. కాల్షియం బాగా ఉంటే ఒంటికి పట్టే ఫ్లోరైడు తగ్గుతుంది. 2002లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కొద్దిమంది బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడు పెరిగింది. హాస్టల్ చారును ఇక తిట్టకండి. అయితే చింతపండు మందు కాదు, మంచినీటికి బదులు కాదు.

5. ఇంట్లో పెద్దవాళ్లను మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు ముట్టుకోమనండి. గడ్డం ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ తల వెనక పెట్టుకోమనండి. చేయలేకపోతే, నొప్పి ఉంటే డాక్టరుకు చూపించండి. వేరే కారణాలూ ఉండవచ్చు, అది వాళ్లే తేలుస్తారు.

6. ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే మంచినీళ్లు మొదట వాళ్లకే. గర్భిణులకు, బాలింతలకు కూడా.

చివరగా

ఎం.ఎస్సీ.లో చేరాక ఒక సెలవులో ఎముక స్లైడు ఫోటో ఇంటికి తీసుకుపోయి నాయనమ్మకు చూపించాను. "ఇది ఏందిరా, ముగ్గులాగా ఉండాదే" అంది. నీ నడుములో ఉండేది ఇదే, ఇందులోకి నీళ్ల నుండి ఫ్లోరైడు చేరింది, నువ్వు చేసిన పాపం ఏమీ లేదు అని చెప్పాను. చాలాసేపు ఆ కాగితం చేతిలో పట్టుకుంది. "అయితే నీళ్లదేనా?" అని రెండుసార్లు అడిగింది. నా డిగ్రీ సర్టిఫికెట్టు చూపించినప్పుడు కూడా ఆమె ముఖంలో అంత తేలికదనం నేను చూడలేదు. ఆమె నడుమును నేను నిటారు చేయలేను. ఇంత చదువూ చదివి నేను ఇవ్వగలిగింది ఆ ఒక్క మాటే.

మా అక్క కూతురికి ఇప్పుడు రెండేళ్లు. మా ఇంట్లో ఆ పాపకు వేరే బిందె పెట్టాం. ఆ బిందెలో బోరు నీళ్లు పోయడానికి వీల్లేదని నాయనమ్మే కాపలా. పాపకు ముందు పళ్లు ఊడి కొత్తవి వచ్చే రోజు కోసం మేమంతా చూస్తున్నాం.

మీరు కూడా ప్రాక్టికల్ రోజున చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నోరు తెరిచి చెంప కణాలు తీయండి. ఎవరైనా పళ్ల గురించి అడిగితే, అమీలోబ్లాస్టుల గురించి వాళ్లకు పాఠం చెప్పండి. 

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)